బీటెక్‌కి విండోస్ తీసేసి లినక్స్ వేసుకోవాలా? కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే మనిషిగా నా సమాధానం

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది కదా: సీఎస్‌ఈలో సీటొచ్చింది, నాన్నగారు కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చారు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఒరిజినల్ విండోస్ 11తోనే వచ్చింది, సీనియర్లేమో విండోస్ పీకేసి ఉబుంటు (లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) వేసెయ్ అంటున్నారు, క్లాసులు మొదలయ్యేలోపే వేసెయ్యాలా అని. లినక్స్ కచ్చితంగా నేర్చుకో, విండోస్ మాత్రం ఇప్పుడే తీసెయ్యకు. ఈ రెండు మాటలకీ కారణాలు వివరంగా చెప్తా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు, నేను ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో సిస్టమ్ అడ్మిన్‌గా ఏళ్ల తరబడి పనిచేస్తున్నా, ఫస్టియర్ పిల్లలు ప్రతి ఏడాదీ ఎక్కడ ఇరుక్కుంటారో దగ్గర్నుంచి చూస్తున్నా.

ముందు సీనియర్లు చెప్పేదాంట్లో నిజం ఎంతో చూద్దాం. చాలానే ఉంది. నువ్వు రేపు రాసే కోడ్ ఎక్కువ శాతం నడిచేది లినక్స్ సర్వర్ల మీదే. ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్ల జాబితా తీస్తే 2017 నవంబర్ నుంచి 500కి 500 లినక్సే. నీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని లోపల కెర్నల్ (సిస్టమ్ మధ్యలో ఉండే అసలు భాగం) కూడా అదే. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో ఫోర్క్, పైప్, సెమాఫోర్ అని ల్యాబ్ ప్రోగ్రాములు వస్తాయి, అవి నేరుగా లినక్స్‌లో రాసి నడిపితే అర్థమైనంత బాగా పుస్తకం చదివితే అర్థం కావు. లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా 1991లో హెల్సింకి యూనివర్సిటీలో స్టూడెంటే. కాబట్టి అది నీ వయసు వాళ్లకి అందని వ్యవహారమేం కాదు, భయపడొద్దు.

కానీ కాలేజీ అంటే నీ ఇష్టం ఒక్కటే కాదు కదా, వాళ్లు పెట్టిన సాఫ్ట్‌వేర్ వాడాలి, వాళ్లు అడిగిన ఫార్మాట్‌లో ఇవ్వాలి. అందుకే ఏ సిస్టమ్ వెయ్యాలి అనే ప్రశ్న కన్నా ముందు అడగాల్సింది ఈ నాలుగేళ్లలో నాకు ఏమేం సాఫ్ట్‌వేర్ కావాలి అని. సీనియర్ల దగ్గర ల్యాబ్ మాన్యువల్స్ ఉంటాయి, ఫస్టియర్‌వీ సెకండియర్‌వీ తీసుకుని ఒక సాయంత్రం కూర్చుని చూడు, ప్రతి ల్యాబ్‌కీ మొదటి పేజీల్లో సాఫ్ట్‌వేర్ పేరు రాసి ఉంటుంది. చాలా కాలేజీల్లో ఫస్టియర్ ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌లో ఆటోక్యాడ్ ఉంటుంది, సీఎస్‌ఈ వాళ్లకీ తప్పదు, అది విండోస్‌కీ మ్యాక్‌కీ ఉంది కానీ లినక్స్‌కి లేదు. మీ రూమ్మేట్ మెకానికల్ ఐతే సాలిడ్‌వర్క్స్ కావాలి, అదీ విండోస్ మీదే. ఈసీఈ వాళ్లకి మాట్‌ల్యాబ్, వివాడో రెండూ లినక్స్‌లో బ్రహ్మాండంగా నడుస్తాయి, కెయిల్, ప్రోటియస్, మల్టీసిమ్ మాత్రం విండోస్‌వి. డేటా సైన్స్ వైపు వెళ్తే పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌కే. దీనికి ఉల్టా కేసు కూడా ఉంది, రోబోటిక్స్ మీద ఆసక్తి ఉంటే ఆర్‌ఓఎస్ 2 (రోబోల ప్రోగ్రామింగ్‌కి వాడే సాఫ్ట్‌వేర్) అనేది ఉబుంటు వెర్షన్‌ని బట్టి వస్తుంది, దాని హంబుల్ వెర్షన్ ఐతే ఉబుంటు 22.04, జాజీ వెర్షన్ ఐతే 24.04, అక్కడ లినక్స్ లేకపోతే అడుగడుగునా ఇబ్బందే.

ఇంకోటి, పిల్లలు ముందుగా ఆలోచించని విషయం, ఆన్‌లైన్ పరీక్షలు. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటి లాక్‌డౌన్ బ్రౌజర్లు (పరీక్ష అయ్యేదాకా వేరేదేదీ తెరవనివ్వనివి) విండోస్‌కీ యాపిల్ మెషిన్లకీ ఉన్నాయి, లినక్స్‌కి లేవు. వర్చువల్ మెషిన్‌లో (లినక్స్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) విండోస్ పెట్టుకుని రాద్దాం అంటే ఆ బ్రౌజర్లు చాలావరకు పసిగట్టి ఓపెన్ అవ్వవు. మూడో సంవత్సరం నుంచి ప్లేస్‌మెంట్ టెస్టులు మొదలవుతాయి, కెమెరా ఆన్ చేసి స్క్రీన్ లాక్ చేసి రాసేవి చాలానే ఉంటాయి. ఉదయం పదింటికి టెస్ట్ అయితే తొమ్మిదిన్నరకి ల్యాప్‌టాప్ అప్పివ్వమని ఫ్లోర్ అంతా తిరిగే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అంత చదివి అక్కడ ఆగిపోవడం ఏంటి. ఒక్క ఈ కారణానికైనా విండోస్ ఉంచుకో.

సరే, మరి మారేది ఎలా. నా అనుభవంలో నిలబడే పద్ధతి ఒకటే, ముందు నువ్వు వాడే యాప్స్ మార్చు, సిస్టమ్ తర్వాత మార్చు. అంటే విండోస్‌లో ఉండగానే రెండు చోట్లా దొరికే వాటికి అలవాటు పడు. బ్రౌజర్ ఫైర్‌ఫాక్సో క్రోమో, వీడియోలకి వీఎల్‌సీ, కోడ్‌కి వీఎస్ కోడ్, ఫొటోలకి జింప్, డాక్యుమెంట్లకి లిబ్రె ఆఫీస్. ఒక సెమిస్టర్ ఇలా గడిస్తే లినక్స్‌లోకి వెళ్లిన రోజు నీకు కొత్తగా కనిపించేది మెనూ, సెట్టింగ్స్ అంతే, పనులన్నీ తెలిసినవే ఉంటాయి. మధ్యలో వదిలేసి మళ్లీ విండోస్‌కి వచ్చేసేవాళ్లలో ఎక్కువమంది అన్నీ ఒకే రోజు మార్చినవాళ్లే, యాప్ కొత్త, సిస్టమ్ కొత్త, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) కొత్త, పైన అసైన్‌మెంట్ రేపు సబ్మిట్ చెయ్యాలి, ఇక ఎవరికైనా విసుగు రాదా.

డాక్యుమెంట్ల గురించి కొంచెం జాగ్రత్త. మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ టైమ్స్ న్యూ రోమన్‌లో 12 సైజులో అడుగుతారు, లినక్స్‌లో ఆ ఫాంట్ మామూలుగా ఉండదు, దాని బదులు లిబరేషన్ సెరిఫ్ వాడుతుంది, అక్షరాల వెడల్పు సమానంగానే చేశారు కాబట్టి పేజీలు పెద్దగా జరగవు. అలాగే కాలిబ్రికి కార్లిటో, కేంబ్రియాకి కలాడియా. కానీ టేబుళ్లు, పేజ్ బోర్డర్లు, విషయసూచిక ఇవి వర్డ్‌లో చేసినవి లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే అక్కడక్కడ కదులుతాయి. గైడ్ వర్డ్ ఫైలే కావాలంటే చివరి వెర్షన్ వర్డ్‌లోనే సరిచేసుకో, లేదంటే పీడీఎఫ్ ఇవ్వు. మన దగ్గర అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లతో ఆఫీస్ కూడా కలిపి ఇస్తారు, అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఒకసారి యాక్టివేట్ చేస్తేనే నీదవుతుంది, డిస్క్ ముట్టుకోకముందే ఆ పని చేసి పెట్టుకో.

తెలుగు టైపింగ్ గురించి కూడా చాలామంది అడుగుతారు. ఉబుంటులో సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకే విడిగా కీలుండే కీబోర్డ్) వస్తుంది, ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేసే అలవాటైతే ఐబస్-ఎమ్17ఎన్ అనే ప్యాకేజ్ వేసుకో, అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ లాంటి టైపింగ్ పద్ధతులు ఉంటాయి. నోటో ఫాంట్లు తెలుగు చక్కగా చూపిస్తాయి, ఒత్తులు గుణింతాలు ఏమీ చెడవు. ఒక్క ఇబ్బంది, ఇంట్లో డీటీపీ షాపు ఉండి అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు ఉంటే అవి యూనికోడ్ (ఇప్పుడు అన్ని చోట్లా వాడే అక్షరాల పద్ధతి) కావు, వాటికి విండోస్ మెషినే ఉంచుకోండి.

ఇప్పుడు అసలు లినక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఫస్ట్ సెమిస్టర్ మొత్తం విండోస్ లోపలే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) వాడు. పవర్‌షెల్‌ని (విండోస్‌లో కమాండ్లు కొట్టే విండో) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్‌ఎల్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు పెట్టి ఇన్‌స్టాల్ అని రాస్తే ఉబుంటు దిగిపోతుంది, ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలు. రాకపోతే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మెషిన్ సెట్టింగ్స్‌లో) వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉందేమో చూడు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది, పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీన్ మీద చుక్కలు కూడా కనపడవు, కీబోర్డ్ పనిచెయ్యట్లేదని కంగారు పడకు, లినక్స్‌లో అది మామూలే. నీకు 8 జీబీ ర్యామే ఉంది కాబట్టి ఒక మాట, డబ్ల్యూఎస్‌ఎల్ మామూలుగా ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు, క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచి పెట్టి ఇది నడిపితే మెషిన్ మూలుగుతుంది. వీలైతే ముందు ముందు ఇంకో 8 జీబీ స్టిక్ వేయించు, స్లాట్ ఉందో లేదో మోడల్‌ని బట్టి చూడాలి. ఇంకోటి, నీ ప్రోగ్రాములు సీ డ్రైవ్‌లో పెట్టి డబ్ల్యూఎస్‌ఎల్ లోంచి నడిపితే నత్తనడకే, ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకో, వీఎస్ కోడ్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ ఎక్స్‌టెన్షన్ వేస్తే నేరుగా అక్కడి ఫైళ్లే తెరుచుకుంటాయి.

సీ ల్యాబ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే పిల్లలు ఎక్కువ తికమక పడతారు. ఇప్పటికీ కొన్ని కాలేజీల్లో టర్బో సీ (పాతకాలపు సీ కంపైలర్) నీలం స్క్రీనే నడుస్తోంది. అక్కడ రాసిన ప్రోగ్రామ్ తెచ్చి జీసీసీలో (లినక్స్‌లో వాడే సీ కంపైలర్) పెడితే కోనియో హెడర్ లేదంటుంది, క్లియర్‌స్క్రీన్ ఫంక్షన్ తెలియదంటుంది, అవి లినక్స్‌లో లేవు, తీసెయ్యాలంతే. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాయడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకో. స్క్వేర్‌రూట్ వాడిన ప్రోగ్రామ్‌లో మ్యాథ్ హెడర్ పెట్టినా అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అని ఎర్రర్ వస్తే, కంపైల్ చేసే లైన్ చివర హైఫన్ ఎల్‌ఎమ్ అని కలపాలి. తయారైన ఏ డాట్ అవుట్‌ని నడపాలంటే ముందు చుక్క, స్లాష్ పెట్టాలి, లేకపోతే కమాండ్ దొరకలేదంటుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాసి 8 ఇచ్చి చూడు, జీసీసీలో 40320 వస్తుంది, అదే ప్రోగ్రామ్ టర్బో సీలో మైనస్ 25216 చూపిస్తుంది. ఎందుకంటే టర్బో సీలో ఇంట్‌కి 2 బైట్లే, 32767 దాటితే తిరగబడి మైనస్‌లోకి పోతుంది, జీసీసీలో 4 బైట్లు కాబట్టి 12 ఫ్యాక్టోరియల్ దాకా సరిగ్గా వచ్చి 13 దగ్గర తప్పుతుంది. వైవాలో సైజ్ ఆఫ్ ఇంట్ ఎంత అని అడిగితే ఏ కంపైలర్‌లో సార్ అని అడిగి రెండూ చెప్పు, నువ్వు చేతులతో చేసి చూశావని ఎగ్జామినర్‌కి ఇట్టే తెలుస్తుంది. ఒకే కోడ్‌ని రెండు సిస్టమ్‌లలో నడిపినవాడికి ఇలాంటివి ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి, రెండూ ఉంచుకోమని నేను అనడానికి పెద్ద కారణం ఇదే.

డబ్ల్యూఎస్‌ఎల్ సరిపోదు, నిజంగా లినక్స్‌లోనే ఉండాలి అనిపించిన రోజు డ్యూయల్ బూట్ (ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లూ పెట్టి, ఆన్ చేసేటప్పుడు ఒకటి ఎంచుకోవడం) చేసుకో. సెమిస్టర్ సెలవుల్లోనే చెయ్యి. మిడ్ ఎగ్జామ్స్ వారంలో, రికార్డ్ సబ్మిషన్ ముందు రోజు రాత్రి అసలు వద్దు, బూట్ అవ్వని ల్యాప్‌టాప్ పట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా ఆ రోజుల్లోనే వస్తారు.

చేసేముందు ఫైళ్లన్నీ బయట హార్డ్ డిస్క్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో కాపీ పెట్టు. ఆ తర్వాత మొదట చూడాల్సింది డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లో డేటాకి కీ లేకుండా తెరుచుకోని తాళం. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైనిన్ అవ్వగానే చాలాసార్లు అది దానంతటదే ఆన్ అయిపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. తర్వాత బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సిస్టమ్‌లనే బూట్ అవ్వనిచ్చే సెట్టింగ్) లాంటిది ఏదైనా మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంటేమో షాపువాడు కొత్తది క్రియేట్ చేసి ఉంటాడు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ఆ కీ లేకపోతే డేటా తిరిగి రాదు, నేనే కాదు ఎవరూ తీసివ్వలేరు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు, ఈరోజే నీ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టు, లినక్స్ వేసినా వెయ్యకపోయినా సరే. డ్యూయల్ బూట్ చేసేటప్పుడు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తిగా విడిపోయేదాకా ఆగు.

రెండోది ఫాస్ట్ స్టార్టప్, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది, ఆఫ్ చెయ్యి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్ చూస్తే చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది లేదా అసలు తెరుచుకోదు.

మూడోది ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ, డిస్క్‌ని నడిపే ఒక ఇంటెల్ పద్ధతి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇది ఆన్‌లో ఉంటే ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీ కనిపించనే కనిపించదు. బయోస్‌లో ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి, కానీ నేరుగా మారిస్తే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది, కాబట్టి ముందు విండోస్‌లో ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ మోడ్ పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో విండోస్ తెరుచుకున్నాక ఆ టిక్ తీసెయ్యాలి. ఈ వరుస తప్పొద్దు.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ నుంచి ఒక 100 జీబీ తగ్గించి ఖాళీగా వదులు, చాలు. పార్టిషన్లు విండోస్ వైపు నుంచే తగ్గించు, ఇన్‌స్టాలర్‌తో వద్దు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే టూల్‌తో ఉబుంటు ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఎక్కించి ముందు ట్రై మోడ్‌లోనే (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే) తెరిచి ఒక గంట వాడి చూడు: వైఫై పట్టుకుంటోందా, బ్లూటూత్, స్పీకర్, వెబ్‌క్యామ్, బ్రైట్‌నెస్ బటన్లు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే లేస్తోందా. వైఫై రాకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ దింపుకోవచ్చు. ఎన్‌విడియా కార్డ్ ఉంటే ఇన్‌స్టాల్ అయ్యాక అడిషనల్ డ్రైవర్స్‌లోకి వెళ్లి వేసుకో, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వచ్చి ఎమ్ఓకే మేనేజ్‌మెంట్ అని అడుగుతుంది, అక్కడ ఎన్‌రోల్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి, చాలామంది అదేదో ఎర్రర్ అనుకుని కంటిన్యూ కొట్టేస్తారు, డ్రైవర్ ఇక లోడ్ అవ్వదు.

అన్నీ అయ్యాక విండోస్‌లోకి వెళ్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంది, పొద్దున పదైతే నాలుగున్నర అంటుంది. బ్యాటరీ పోయింది అని షాపుకి పట్టుకెళ్లకు. లినక్స్ మెషిన్ గడియారంలో యూటీసీ (ప్రపంచానికంతా ఒకటే ప్రామాణిక) టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది, తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీని 1కి సెట్ చేస్తే సర్దుకుంటుంది. అప్పుడప్పుడు విండోస్ అప్‌డేట్ తర్వాత లినక్స్ మెనూ రాకుండా పోవచ్చు, 2024 ఆగస్టులో ఒక అప్‌డేట్ వల్ల ఎస్‌బ్యాట్ అనే సెక్యూర్ బూట్ ఎర్రర్‌తో చాలామందికి లినక్స్ బూట్ అవ్వడం ఆగిపోయింది. అందుకే ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యకుండా దాచుకో.

ఏ లినక్స్ అంటే ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు వచ్చే వెర్షన్) లేదా లినక్స్ మింట్, ఇంకేం ఆలోచించకు. 24.04కి 2029 దాకా మామూలు అప్‌డేట్లు వస్తాయి. ఆర్చ్, జెంటూ అని వేరే లినక్స్ రకాలు యూట్యూబ్‌లో చూసి వారానికొకటి మార్చేవాళ్లు ఉంటారు, సరదాగా పాత మెషిన్ మీద చేసుకోవచ్చు, చదువుకునే మెషిన్ మీద వద్దు.

పాత మెషిన్ అంటే గుర్తొచ్చింది, ఇంట్లో విండోస్ 10 ల్యాప్‌టాప్ ఏదైనా మూలన పడి ఉందా? విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11కి టీపీఎమ్ 2.0 (ఒక సెక్యూరిటీ చిప్) కావాలి, ఇంటెల్ ఐతే దాదాపుగా 8వ తరం నుంచే తీసుకుంటుంది, కాబట్టి అంతకన్నా పాతవి అక్కడే ఆగిపోయాయి. అలాంటిది ఉంటే పూర్తిగా తుడిచేసి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (మింట్‌లో తేలికైన రకం) వెయ్యాల్సింది దానిమీదే, భయం లేకుండా నేర్చుకోవచ్చు, పాడైతే మళ్లీ వేసుకోవచ్చు. హార్డ్ డిస్క్ ఉన్న మెషిన్ ఐతే ముందు చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించు, ఏ సిస్టమ్ వేసినా దానివల్ల వచ్చే తేడా ముందు మిగతావేవీ లెక్కలోకి రావు.

మీ అక్క ఎమ్మెస్‌కి వెళ్తోంది, మ్యాక్ కొనాలా అని చివర్లో అడిగావు. సీఎస్ కోర్సులకి మ్యాక్ బాగుంటుంది, టెర్మినల్ యూనిక్స్‌దే, యూనివర్సిటీ సర్వర్లలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న మెషిన్‌ని టెర్మినల్ నుంచి వాడే పద్ధతి) హాయిగా వెళ్లొచ్చు. కానీ 2020 నవంబర్‌లో ఎమ్1 వచ్చిన దగ్గర్నుంచి యాపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు, మ్యాక్‌తో పాటు విండోస్‌ని డ్యూయల్ బూట్‌గా వేసుకునే దారి పోయింది, కోర్సులో విండోస్ సాఫ్ట్‌వేర్ ఉంటే డిపార్ట్‌మెంట్‌కి ముందే మెయిల్ చేసి అడగమను. కోడింగ్ పోటీలు రాసే అలవాటుంటే సీ ప్లస్ ప్లస్‌లో బిట్స్ హెడర్ ఒక్కటి పెట్టి మిగతా హెడర్లన్నీ లాగేసే పద్ధతి మ్యాక్ సొంత కంపైలర్‌లో పనిచెయ్యదు, జీసీసీ విడిగా వేసుకోవాలి.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది మూడే: ఆఫీస్ యాక్టివేట్ చెయ్యి, రికవరీ కీ రాసి పెట్టు, డబ్ల్యూఎస్‌ఎల్ దింపు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డ్ పేరు ఉంటుంది, అదీ ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ నంబరూ రాసి పంపు, సెలవుల్లో డ్యూయల్ బూట్ చేస్తే దానికి ఏ డ్రైవర్ కావాలో, ఆర్‌ఎస్‌టీ గొడవ ఉంటుందో లేదో చూసి చెప్తా.